అంబాసిడర్ వెనక బ్రేకులు: డ్రమ్ము, షూ, సిలిండర్ జత కలిపేదెలా

మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ 4, ఆర్‌సీలో 1982 అని ఉంటుంది, ఎనిమిదేళ్లు రేకుల పాక కింద కదలకుండా ఉన్నాక దాన్ని మళ్ళీ రోడ్డెక్కిద్దామని పని మొదలెట్టాను. ఇంజను, రంగు, సీట్లు అన్నీ ఒక దారికి వచ్చాయి గానీ వెనక బ్రేకులు మాత్రం మూడు నెలలు తిప్పలు పెట్టాయి. బ్రేకు కాస్త గట్టిగా తొక్కితే చాలు వెనక కుడి చక్రం ముందే పట్టేసి టైరు కీచుమనేది, వానలో అయితే బండి వెనక భాగం పక్కకి జారేది, ఒకసారి అమ్మ పక్కన కూర్చుని ఉండగా అలా జారింది, నాకు చెమటలు పట్టేశాయి. షెడ్డులో ఇచ్చిన ప్రతిసారీ కొత్త షూలు (డ్రమ్ము లోపలి గోడకి ఆని చక్రాన్ని ఆపే వంపు ముక్కలు) వేసి పంపేవాళ్ళు, వారం బాగుండేది, మళ్ళీ మామూలే. చివరికి నేనే చక్రంతో పాటు తిరిగే రెండు డ్రమ్ములూ ఊడదీసి, ఆయిల్ ప్రెషర్‌తో షూలని నెట్టే సిలిండర్లు విప్పి, వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి చూస్తే ఎడమ పక్క సిలిండర్ బోరు, అంటే లోపలి చిల్లు వ్యాసం, 19.05 మిల్లీమీటర్లు, కుడి పక్కది 22.2. అంటే ఒకటి ముప్పావు అంగుళం, రెండోది ఏడు బై ఎనిమిది అంగుళం.

తేడా మూడు మిల్లీమీటర్లే కదా అనుకోకండి. ఆయిల్ ప్రెషర్ పనిచేసేది సిలిండర్ లోపల కదిలే పిస్టన్ వైశాల్యం మీద, అంటే బోరు తేడా రెండుసార్లు గుణించుకోవాలి, 7/8ని 3/4తో భాగించి వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే 1.36 వస్తుంది. మీరు తొక్కింది ఒకటే పెడల్ అయినా కుడి చక్రంలో షూని నెట్టే బలం ఎడమ దానికంటే 36 శాతం ఎక్కువ. ఎన్ని కొత్త షూలు వేసినా ఈ తేడా పోదు. అందుకే చెబుతున్నా, పాత బండికి వెనక బ్రేకులు చేసేటప్పుడు మోడల్ పేరు చెప్పి పార్టు కొనొద్దు, యాక్సిల్ (వెనక చక్రాల ఇరుసు) మీద ఇప్పుడు ఏముందో కొలిచి, రెండు చక్రాలనీ కలిపి ఒకే సెట్టుగా చూసి కొనండి.

పేరు ఎందుకు పనికిరాదంటే, హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు ఉత్తరపారాలో ఈ బండిని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి తీసుకుని 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా చేశారు. బయటి రూపం పెద్దగా మారలేదు గానీ మార్క్ 2, మార్క్ 3, 1979లో మార్క్ 4, 1990లో నోవా, 1992లో ఇసుజు ఇంజనుతో 1800, ఇలా లోపల సరుకు మారుతూనే వచ్చింది. దానికి తోడు ఈ బండ్లు సగం టాక్సీలుగా తిరిగాయి, డీజిల్ బండి యాక్సిల్ తెచ్చి పెట్రోల్ బండికి, యాక్సిడెంట్ అయిన బండి నుంచి షూలూ సిలిండరూ బిగించి ఉండే బ్యాక్‌ప్లేట్ తెచ్చి ఇంకో బండికి వేసేశారు, ఎవరి దగ్గరా లెక్కలుండవు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కౌంటర్ దగ్గర నిలబడి అంబాసిడర్ వెనక షూలు ఇవ్వండి అంటే పాత షాపు ఆయన అయితే "ఏ అంబాసిడర్ బాబూ, పాతది పట్టుకొచ్చావా" అని అడుగుతాడు. అలా అడిగిన షాపుని వదలకండి. అడక్కుండా డబ్బా తీసి చేతిలో పెట్టేవాడి దగ్గర కొంటే మళ్ళీ తిరగాల్సి వస్తుంది.

ఇక పనిలోకి వద్దాం. చదునైన చోట బండి పెట్టి ముందు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి, ఎందుకంటే వెనక పని కాబట్టి హ్యాండ్‌బ్రేక్ వదిలేయాలి. జాకీ మీద నమ్మకం పెట్టుకుని బండి కిందకి దూరొద్దు, యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టాల్సిందే. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదే ముందు అడ్జస్టర్ (షూకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసేది) పూర్తిగా వెనక్కి తిప్పండి, డ్రమ్ము లోపలి అంచున అరగని గట్టు ఒకటి మిగిలిపోయి ఉంటుంది, దానికి షూలు తట్టుకుని రావు. డ్రమ్ము మొహం మీద చిన్న స్క్రూలుంటే వాటికి ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ వాడండి, మామూలు స్క్రూడ్రైవర్‌తో అయితే తల అరిగిపోయి ఆ తర్వాత డ్రిల్ పెట్టాల్సి వస్తుంది.

డ్రమ్ము తీయగానే లోపల నల్ల పొడి ఉంటుంది కదా, దాన్ని గాలి కొట్టి ఊదకండి, నోటితో అసలే ఊదకండి. పాత లైనింగుల్లో, అంటే షూ మీద ఉండే రాపిడి పొరల్లో, ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటకి రాదు. మంచి మాస్క్ పెట్టుకుని, సబ్బు నీళ్ళు చల్లి తడిపి, గుడ్డతో తుడిచి ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. షెడ్డుల్లో కంప్రెసర్ పైపు పెట్టి ఊదేస్తుంటారు, పక్కన చిన్న కుర్రాళ్ళు నిలబడి ఉంటారు, చూస్తే బాధేస్తుంది, మీ బండి దగ్గర మాత్రం ఒప్పుకోకండి.

ఒక పక్క విప్పి రెండో పక్క అలాగే ఉంచి దాన్ని చూసి బిగించుకోమని అందరూ చెబుతారు. కొత్త బండికి అది మంచి సలహానే, కానీ నలభై ఏళ్ల బండికి ఆ రెండో పక్క కూడా తప్పుగా బిగించి ఉండొచ్చు, నా బండిలో అదే జరిగింది. రెండు పక్కలూ తీసి ఫోన్లో ఫొటోలు తీసుకోండి, స్ప్రింగు ఏ చిల్లులో తగిలి ఉంది, లింకు ఎటు తిరిగి ఉంది అన్నీ కనపడేలా. తర్వాత రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకటి ఇంకోదానికి అద్దంలో బొమ్మలా ఉండాలి. ఎక్కడ తేడా కనపడితే అక్కడ వేలు పెట్టి ఎందుకు అని అడగాలి.

ముందు అడ్జస్టర్ చూడండి. కొన్నింటికి బ్యాక్‌ప్లేట్ వెనక చతురస్రం తల ఉండి, తిప్పుతుంటే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. కొన్నింటికి డ్రమ్ము మొహం మీదున్న చిల్లులోంచి స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పే స్క్రూ ఉంటుంది. ఒక పక్క ఒక రకం ఇంకో పక్క ఇంకో రకం ఉంటే ఇక మిగతావేం కొలవక్కర్లేదు, మీ యాక్సిల్ రెండు బండ్ల సరుకు, రెండు పక్కలా ఒకే రకం బ్యాక్‌ప్లేట్లు సంపాదించడమే ముందు పని. తర్వాత సిలిండర్ చూడండి. రెండు వైపులా పిస్టన్లు ఉండి బ్యాక్‌ప్లేట్‌కి గట్టిగా బిగించి ఉందా, లేక ఒకవైపే పిస్టన్ ఉండి సిలిండర్ మొత్తం గాడిలో జరిగేలా ఉందా? రెండూ వేరువేరు కుటుంబాలు, షూలూ వేరు, స్ప్రింగులూ వేరు.

ఇప్పుడు డ్రమ్ము. లోపలి వ్యాసం మూడు చోట్ల కొలవండి, మామూలు వెర్నియర్ మూతులు గట్టు దగ్గరే ఆగిపోతాయి, లోపల అరిగిన చోటికి అందవు, కాబట్టి లేత్ షాపులో ఇన్‌సైడ్ మైక్రోమీటర్‌తో కొలిపించుకోవడం నయం. డ్రమ్ములు అంగుళాల లెక్క, 8 అంగుళాలంటే 203.2 మిల్లీమీటర్లు, 9 అయితే 228.6, 10 అయితే 254. ఒక డ్రమ్ముకి గరిష్ఠ వ్యాసం అంచు మీద పోత పోసి ఉంటే అదే లెక్క, పాతవాటికి చాలాసార్లు ఉండదు, అప్పుడు అసలు సైజు మీద ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే పక్కన పెట్టేయండి, మళ్ళీ కోయిస్తే పల్చబడి వేడికి విచ్చుకుంటుంది. ఎడమ కుడి డ్రమ్ములకి మధ్య తేడా పావు మిల్లీమీటరు దాటకూడదు. ఒకటి ఎక్కువ అరిగితే రెండోదాన్ని కూడా అదే సైజుకి కోయించాలి, బాగున్నదాన్ని ఎందుకు కోయడం అని మనసొప్పదు, నాకూ ఒప్పలేదు, కానీ ఒప్పుకోవాలి.

వేరే బండి డ్రమ్ము తెస్తుంటే చక్రం బిగించే స్టడ్‌ల మధ్య దూరం కూడా చూడాలి. 5 స్టడ్‌లు ఉంటే పక్కపక్కవి కాకుండా ఒకటి వదిలి ఇంకోదాని మధ్యకి కొలిచి 1.051తో గుణిస్తే స్టడ్‌ల వృత్తం వ్యాసం వస్తుంది. మధ్య పెద్ద చిల్లు హబ్బు మీద వదులు లేకుండా కూర్చోవాలి, వదులుంటే డ్రమ్ము ఒక పక్కకి జరిగి బిగుసుకుని పెడల్ పైకీ కిందకీ కొడుతుంది.

షూ దగ్గరే అందరూ పొరపాటు పడేది. వెడల్పు సరిపోయింది, చిల్లులు సరిపోయాయి, కూర్చుంది, అయిపోయిందనుకుంటారు. మీ డ్రమ్ము కోయించాక ఒక మిల్లీమీటరు పెద్దదై ఉంటుంది, కొత్త షూ వంపు మాత్రం అసలు సైజుది, అప్పుడు షూ మధ్యలో మాత్రమే అంటుకుంటుంది, రెండు చివర్లూ గాలిలో ఉంటాయి. పెడల్ తొక్కితే దిండు మీద తొక్కినట్టు మెత్తగా ఉంటుంది, ఆయిల్ లైన్లో ఎయిర్ ఉందేమోనని మళ్ళీ మళ్ళీ ఎయిర్ తీస్తుంటారు. దీనికి విరుగుడు వరస మార్చకపోవడమే: ముందు డ్రమ్ములు కోయించాలి, ఆ డ్రమ్ములూ షూలూ కలిపి లైనింగ్ కొట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళాలి, ఆ డ్రమ్ముకి తగ్గట్టు లైనింగ్ వంపు గ్రైండ్ చేయించాలి.

నేను వెళ్ళిన లేత్ మేస్త్రీ గారు డెబ్బై దాటినాయన, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, జేబులోంచి సుద్దముక్క తీసి డ్రమ్ము లోపలంతా రాసి, షూని చేత్తో నొక్కి పట్టుకుని ఇటు ఒక జానెడు అటు ఒక జానెడు తిప్పి తీసి నా మొహం ముందు పెట్టారు. లైనింగ్ మీద మధ్యలో రూపాయి బిళ్ళంత చోట మాత్రం తెల్లగా ఉంది. "ఇదిగో నీ బ్రేకు ఇంతే" అన్నారు. గ్రైండ్ చేసి మళ్ళీ పెట్టి చూపిస్తే ఆ తెలుపు దాదాపు చివర్ల దాకా పాకింది. ఈ సుద్ద పరీక్ష మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, అయ్యాక సుద్ద తుడిచేయండి. చివర్లలో సన్నటి కాగితం దూరేంత సందు ఉన్నా పర్లేదు, కొద్దిరోజుల్లో అరిగి కూర్చుంటుంది. అదే మధ్యలో సందు ఉండి చివర్లు మాత్రం అంటుకుంటుంటే ఆ షూ వెయ్యకండి, అలాంటిది కీచుమంటుంది, హఠాత్తుగా పట్టేస్తుంది కూడా.

లైనింగ్ నాలుగు షూలకీ ఒకేసారి, ఒకే కంపెనీది, ఒకే డబ్బాలోది కొట్టించండి, కుడి పక్కకి ఒకటి ఎడమ పక్కకి ఇంకోటి అయితే రాపిడి తేడా వచ్చి మళ్ళీ మొదటికొస్తుంది. రివెట్లు మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకి వెళ్ళాలి, అలాగైతేనే లైనింగ్ షూకి అతుక్కుని కూర్చుంటుంది. కొట్టాక వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి, లైనింగుకీ ఇనుముకీ మధ్య వెలుగు కనిపిస్తే ఊడదీసి మళ్ళీ కొట్టమనండి. పాత షూ ఇనుమునే వాడుతుంటే దాన్ని అద్దం మీద పెట్టి వంకర లేదని, సిలిండర్ పిస్టన్ గాడిలో కూర్చునే కొన అరిగి గుండ్రం కాలేదని చూసుకోండి.

ఏ షూ ముందు ఏది వెనక అనేది కూడా ఉంది. సిలిండర్ పైన, ఆధారం (షూల రెండో కొన ఆనే చోటు) కింద ఉన్న బ్రేకులో బండి ముందుకెళ్ళేటప్పుడు ముందు పక్క షూని డ్రమ్ము తనతో పాటు లోపలికి లాక్కుంటుంది, ఎక్కువ పని అదే చేస్తుంది, ఎక్కువ అరిగేదీ అదే. వెనక పక్క షూని నెట్టేస్తుంటుంది. మీ సిలిండర్ వేరే చోట ఉంటే డ్రమ్ము తిరిగే దిక్కున సిలిండర్ కొన నుంచి ఆధారం కొనకి వెళ్ళే షూ ఏదో చూసుకోండి, లాక్కునేది అదే. రెండు షూల లైనింగుల పొడవు వేరుగా ఉంటే రెండు చక్రాలకీ ఒకే తీరులో ఉండాలి.

సిలిండర్ మీద అంగుళం సైజు పోతలో ఉంటే అది చూడండి, లేకపోతే పిస్టన్ తీసి వెర్నియర్ పెట్టండి: 15.87 అంటే 5/8, 17.46 అంటే 11/16, 19.05 అంటే 3/4, 20.64 అంటే 13/16, 22.2 అంటే 7/8. బోరులో వేలుగోరుకి తగిలే గుంటలుంటే ఎమిరీ పెట్టి రుద్ది కొత్త రబ్బర్లు వేస్తే నెలకే కారుతుంది. కొత్తది దొరక్కపోతే బోరు పెద్దది చేసి ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీల్‌దో స్లీవ్ (లోపల తొడిగే గొట్టం) వేసి పాత సైజుకి తేవచ్చు, నేను ఎడమ పక్కది అలాగే చేయించాను, కుడి పక్కకి 3/4 బోరుది చెన్నై పుదుపేటలో దొరికింది. రెండిట్లో పెద్ద బోరు ఉంచుకుంటే బ్రేకు బాగుంటుందని కొందరు చెబుతారు, అది వద్దు. బ్రేకు తొక్కినప్పుడు బరువు ముందుకి పోయి వెనక తేలికవుతుంది, వెనక చక్రాలు ముందే పట్టేస్తే బండి గిర్రున తిరుగుతుంది.

ఇంకోటి, సిలిండర్లకి ఎడమ కుడి ఉంటాయి. పక్క మారిస్తే బోల్టులు పడతాయి గానీ ఎయిర్ తీసే నిపిల్ కిందకి వస్తుంది, గాలి పైనే ఉండిపోతుంది, ఎంత పంపు చేసినా పెడల్ రాదు. నిపిల్ ఎప్పుడూ బోరుకి పై వైపే ఉండాలి. రబ్బర్లని పెట్రోల్‌తోనో కిరసనాయిల్‌తోనో కడగొద్దు, మామూలు గ్రీజు రాయొద్దు, ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడిగి, దానితోనే తడిపి ఎక్కించండి.

బ్యాక్‌ప్లేట్ విషయంలో రెస్టోరేషన్ చేసేవాళ్ళకి ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. అందంగా ఉండాలని పౌడర్ కోటింగ్ వేయిస్తారు. జరిగే సిలిండర్ ఉన్న బండికి ఆ గాడి అంచుల మీద కోటింగ్ మందం చేరితే సిలిండర్ బిగిసిపోతుంది, అప్పుడు పిస్టన్ వైపు షూ ఒక్కటే పనిచేస్తుంది, రెండోది ఊరికే ఉంటుంది. గాడి అంచులు, షూ పక్కలు రాసుకునే చిన్న దిమ్మలు కోటింగ్ లేకుండా ఉంచండి. ఆ దిమ్మల మీద షూ తిని గాడి పడి ఉంటే వెల్డింగ్ నింపి చదును చేయించి, వేడి తట్టుకునే బ్రేక్ గ్రీజు గోటిమీదకి తీసుకునేంత రాయండి, అంతకంటే ఎక్కువైతే లైనింగ్ మీదకి పాకుతుంది. అలాగే యాక్సిల్ ఆయిల్ సీలు తడిగా ఉంటే ముందు అది మార్చండి, గేర్ ఆయిల్ తాగిన లైనింగ్ ఎంత కాల్చినా కడిగినా పనికిరాదు.

స్ప్రింగులు నాలుగూ కొత్తవే వెయ్యండి. పాతవి వాడక తప్పకపోతే ఎడమ కుడి ఒకే పొడవు ఉండాలి, చుట్ల మధ్య వెలుగు కనిపించకూడదు. హ్యాండ్‌బ్రేక్ లివర్లకి కూడా పక్కలుంటాయి, కేబుల్ వదులుగా ఉంచి ముందు షూలు అడ్జస్ట్ చెయ్యండి: డ్రమ్ము పట్టేసేదాకా బిగించి, సర్రుమని కొద్దిగా రాసుకునేదాకా వదలండి. కేబుల్ పని ఆ తర్వాతే, ముందే కేబుల్ లాగేస్తే షూలు పూర్తిగా వెనక్కి రావు, డ్రమ్ము కాలిపోతుంది.

ఎయిర్ తీసేటప్పుడు పెడల్ తొక్కితే ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలెట్టండి, మన కుడి చేతి స్టీరింగ్ బండ్లకి సాధారణంగా అది వెనక ఎడమది. బ్రేక్ ఆయిల్ డాట్ 3 గానీ డాట్ 4 గానీ సీలు విప్పని కొత్త సీసా, సిలికోన్‌ది డాట్ 5 వీటితో కలపకూడదు. ముందు చక్రాలకి డిస్కులు పెట్టించినవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి, డ్రమ్ములకి లైన్లో 10 పీఎస్ఐ దాకా ప్రెషర్ నిలబెట్టే వాల్వ్ ఉంటుంది, అది డిస్కు లైన్లో మిగిలిపోతే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి, డ్రమ్ము లైన్లోంచి తీసేస్తే పెడల్ కిందకి పోతుంది.

మొదటి రోజు ఖాళీ రోడ్డు మీద నలభై స్పీడు నుంచి పదికి నెమ్మదిగా, ఒక పదిహేను ఇరవై సార్లు, మధ్యలో చల్లారనిస్తూ తొక్కండి. ఐదు కిలోమీటర్లు తిప్పి ఆపి రెండు వెనక డ్రమ్ముల వేడి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి, అది లేకపోతే చెయ్యి అంటించకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి బాగా వేడిగా రెండోది చల్లగా ఉంటే ఏదో ఒక పక్క ఇంకా తేడా ఉంది. అప్పుడు మట్టి నేల మీద ఇరవై స్పీడులో గట్టిగా తొక్కి, దిగి చక్రాల గీతలు చూడండి, రెండు వెనక గీతలూ ఒకే పొడవు ఉండాలి, ముందు చక్రాలు కూడా ఈడ్చుకున్న గుర్తు ఉండాలి. నా బండికి సిలిండర్లు జత కలిపాక ఈ గీతలు ఒకటికొకటి సరిపోయాయి, అప్పుడే అమ్మని మళ్ళీ ఎక్కించుకున్నాను.

ఐదొందల కిలోమీటర్లు తిరిగాక డ్రమ్ములు ఇంకోసారి తీసి లైనింగ్ మీద అరుగుదల చూసి అడ్జస్టర్ ఒకటి రెండు టిక్కులు బిగించండి. డ్రమ్ము సైజు, బోరు సైజు, లైనింగ్ ఏ కంపెనీది, ఎప్పుడు వేసింది ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి డ్యాష్‌బోర్డ్ అరలో పడేయండి. మా బండిలో అది ఆర్‌సీ పక్కనే ఉంటుంది.